గుడ్లు అయిపోయాయన్నారు, సిస్టరమ్మా!

(మహిళా సంఘం సమావేశంలో, ఆసుపత్రిలో పనిచేసి రిటైరైన ఒక నర్సు మాట్లాడిన మాటలు)



అందరూ పనులు ముగించుకుని వచ్చారు. కొందరు కలుపు తీసి నేరుగా ఇక్కడికే వచ్చారు. ఎక్కువసేపు కూర్చోబెట్టను. ఈరోజు ఒక్క సంగతే మాట్లాడుకుందాం. పిల్లలు కావడం లేదని ఆసుపత్రికి వెళ్తే రక్త పరీక్షలు రాస్తారు. హార్మోన్ల పరీక్షలు అంటారు. ఆ పరీక్షలు మనకు ఏం చెబుతాయి? ఏం చెప్పవు? అదీ సంగతి.

మీలో చాలామందికి పిల్లలున్నారు. "మాకెందుకు ఈ మాటలు?" అనుకోవచ్చు. మీకే ఎక్కువ కావాలి. రేపు మీరు అత్తలవుతారు. కొందరు అప్పుడే అయ్యారు. కోడలి చేతికి ఆ కాగితం వచ్చిన రోజు, ఆ ఇంట్లో చెల్లేది మీ మాటే.

పోయిన వేసవిలో ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. పేరు చెప్పను. ఊరు కూడా చెప్పను. వయసు 27. పెళ్లయి నాలుగేళ్లు. చేతిలో ప్లాస్టిక్ కవరు. కవరు నిండా కాగితాలు. ఒక కాగితం తీసి, ఒక అంకె మీద వేలు పెట్టింది. 0.8 అని ఉంది.

"గుడ్లు అయిపోయాయన్నారు, సిస్టరమ్మా!" అంది. అని ఏడ్చింది.

"ఎవరన్నారమ్మా?" అని అడిగాను.

రక్తం తీసిన చోట కుర్రాడు అన్నాడట. డాక్టరమ్మ కాగితం చూడకముందే అనేశాడు. ఆ మాట ఆ అమ్మాయి కంటే ముందు ఊరు చేరింది. అత్తగారు తన తమ్ముడికి ఫోను చేసింది. కొడుక్కి ఇంకో సంబంధం చూడమంది.

నేను కవరులో కాగితాలన్నీ ఒక్కొక్కటే తీసి చూశాను. 11 పరీక్షలు. 11 కూడా ఆ అమ్మాయివే. భర్త పేరు మీద ఒక్క కాగితం లేదు.

ఈ మాట గుర్తుంచుకోండి. మళ్లీ ఇక్కడికే వద్దాం.

ముందు మన ఒంటి సంగతి తెలుసుకుందాం. గర్భసంచికి అటొకటి, ఇటొకటి రెండు అండాశయాలు ఉంటాయి. ఒక్కొక్కటి బాదంకాయంత ఉంటుంది. వాటిలోనే మన గుడ్లు ఉంటాయి. డాక్టర్లు అండాలు అంటారు. మగవాళ్లకు వీర్యకణాలు రోజూ కొత్తగా తయారవుతూ ఉంటాయి. మనకు అలా కాదు. ఆడపిల్ల తల్లి కడుపులో ఉండగానే, దాని గుడ్లన్నీ దానికి తయారైపోతాయి. అంటే మిమ్మల్ని కన్న గుడ్డు, మీ అమ్మ మీ అమ్మమ్మ కడుపులో ఉండగానే తయారయింది! ఈ సంగతి నేను నర్సు ట్రైనింగులో మొదటిసారి విన్నప్పుడు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తల్లి కడుపులో అయిదో నెలలో ఆ బిడ్డకు 60, 70 లక్షల గుడ్లు ఉంటాయి. పుట్టేనాటికి 10 నుంచి 20 లక్షలు మిగులుతాయి. పెద్దమనిషి అయ్యేనాటికి 3, 4 లక్షలు. అప్పటినుంచి ప్రతి నెలా కొన్ని గుడ్లు నిద్ర లేస్తాయి. వాటిలో మామూలుగా ఒక్కటే పండి బయటికి వస్తుంది. మిగతావి కరిగిపోతాయి. మొత్తం జీవితంలో పండి వచ్చేవి 400 నుంచి 500. అంతే. పిల్లలు పుట్టినా, పుట్టకపోయినా, ముట్టు ఆగేలా మాత్రలు వాడినా, గుడ్లు తగ్గడం మాత్రం ఆగదు. అన్నీ అడుగంటాక ముట్టు ఆగిపోతుంది. మన వైపు చాలామందికి 45, 50 మధ్యలో ఆగుతుంది.

ఇది ఇంట్లో గాదె లాంటిది. నిండా గింజలు పోసి ఇచ్చారు. మళ్లీ పోయడం ఉండదు. తియ్యడమే.

మరి గాదెలో గింజలు ఎన్ని మిగిలాయో ఎలా తెలుస్తుంది? మూత తీసి లెక్కపెట్టలేం కదా. కానీ నారుమడి చూస్తే కొంత అంచనా దొరుకుతుంది. నారు ఒత్తుగా ఉంటే గాదెలో గింజలు బాగానే ఉన్నాయనుకుంటాం. పలచగా ఉంటే తగ్గాయనుకుంటాం. అండాశయంలో నిద్ర లేచి ఎదుగుతున్న చిన్న గుడ్లే ఆ నారు. ఆ చిన్న గుడ్లున్న తిత్తులు ఒక రసాన్ని రక్తంలోకి వదులుతాయి. దాని పేరు ఎ.ఎం.హెచ్. ఆ అమ్మాయి కాగితంలో 0.8 అన్నది ఈ రసం లెక్కే.

హార్మోను అంటే ఇదే. ఒంట్లో ఒకచోట పుట్టి, రక్తంలో కలిసి, ఇంకోచోటికి కబురు మోసే రసం.

ఎ.ఎం.హెచ్. పరీక్షకు ముట్టుతో పని లేదు. నెలలో ఏ రోజైనా రక్తం ఇవ్వచ్చు. ప్రైవేటు ల్యాబులో వెయ్యి రూపాయల పైమాటే. అంకె 1 కంటే తక్కువ వస్తే తక్కువ అంటారు. వయసుతో పాటు అది దిగుతూ వస్తుంది. పాతికేళ్ల పిల్లకు 3 ఉండచ్చు. 40 దాటిన మనిషికి 1 కంటే దిగడం మామూలే. కాబట్టి పక్కింటి ఆమె అంకెతో మీ అంకె పోల్చకండి. ముందు వయసు చూడాలి.

ఇంకో చిక్కు ఉంది. ఈ రసాన్ని కొలిచే కొలతలు రెండు. ఒకటి నానోగ్రాము. ఇంకొకటి పికోమోల్. శేరుకూ కిలోకూ తేడా ఉన్నట్టే. నానోగ్రాముల్లో 1 ఉంటే, అదే రక్తం పికోమోల్‌లో 7 అని చూపిస్తుంది. ఒక ల్యాబులో 7, ఇంకో ల్యాబులో 1 వచ్చిందని గుండె పగిలిన మనిషిని నేను చూశాను. రెండూ ఒక్కటే! రిపోర్టు ఇంగ్లీషులోనే ఉంటుంది. కానీ అంకెలు మీకు వచ్చు. "ఈ అంకె ఏ కొలతలో ఉంది బాబూ?" అని అడగండి. అడిగితే తప్పు లేదు.

ముట్టు ఆలస్యం కావడానికో, పిల్లలు వద్దనో మాత్రలు వాడుతుంటే ఈ అంకె కొంత తగ్గి కనిపిస్తుంది. మాత్రలు ఆపాక కొన్నాళ్లకు మళ్లీ పెరుగుతుంది. జుట్టు ఊడుతోందని బయోటిన్ మాత్రలు మింగేవాళ్లు రక్తం ఇచ్చే ముందే ఆ సంగతి చెప్పాలి. అవి కొన్ని పరీక్షల లెక్క తప్పిస్తాయి.

రెండో పరీక్ష ఎఫ్.ఎస్.హెచ్. ఇది పుట్టేది అండాశయంలో కాదు, తలలో. మెదడు కింద శనగగింజంత గ్రంథి ఒకటి ఉంది. అది అండాశయానికి కబురు పంపుతుంది. "లే, గుడ్డును పండించు" అని. పొద్దున్నే పిల్లల్ని లేపుతాం చూడండి. ఒక్క పిలుపుకు లేస్తే మెల్లగానే పిలుస్తాం. లేవకపోతే గొంతు పెంచుతాం. అలాగే అండాశయం పలికితే ఎఫ్.ఎస్.హెచ్. తక్కువగా ఉంటుంది. పలకకపోతే పెరుగుతుంది. 10 దాటితే డాక్టర్లు ఆలోచిస్తారు. ఈ పరీక్షకు మాత్రం రోజు ముఖ్యం. ముట్టు వచ్చిన రెండో రోజో, మూడో రోజో రక్తం ఇవ్వాలి. దానితో పాటే ఈస్ట్రడయోల్ అనే ఇంకొకటి కూడా చూడాలి. అది ఎక్కువగా ఉంటే ఎఫ్.ఎస్.హెచ్. లెక్కను అణిచి చూపిస్తుంది. ముట్టు రోజని ఇంట్లోంచి బయటికి పంపకపోతే ఈ పరీక్ష ఎట్లా అవుతుంది చెప్పండి! ఆ రోజుల్లోనే బస్సెక్కి వెళ్లాలి.

స్కానింగులో కూడా లెక్కపెడతారు. అండాశయంలో చిన్న చిన్న తిత్తులు ఎన్ని కనిపిస్తున్నాయో చూస్తారు. అదీ నారుమడి లెక్కే.

ఇప్పుడు అసలు మాట. బాగా వినండి.

ఈ పరీక్షలన్నీ చెప్పేది గుడ్లు ఎన్ని ఉన్నాయన్నది. గుడ్డు మంచిదా కాదా అన్నది చెప్పవు. నీకు కడుపు వస్తుందా రాదా అన్నది అసలే చెప్పవు. నెలకు పండేది ఒక్క గుడ్డు. గాదెలో బస్తా గింజలున్నా ఒక్కటే, సోలెడు ఉన్నా ఒక్కటే. గుడ్డు మంచిచెడ్డలు చాలావరకు వయసును బట్టి ఉంటాయి. 27 ఏళ్ల పిల్లకు గుడ్లు తక్కువైనా, ఉన్నవి 27 ఏళ్ల గుడ్లే.

ఇది నా ఊహ కాదు. అమెరికాలో డాక్టర్లు దీన్ని పరీక్షించి చూశారు. 30 నుంచి 44 ఏళ్ల ఆడవాళ్లు 750 మంది. అప్పుడప్పుడే పిల్లల కోసం చూస్తున్నవాళ్లు. అందరి రక్తం తీసి అంకెలు రాసుకున్నారు. తర్వాత ఎవరికి నెల తప్పిందో చూశారు. 2017లో ఆ లెక్క అచ్చయింది. ఎ.ఎం.హెచ్. మామూలుగా ఉన్నవాళ్లలో ఏడాది లోపల నూటికి 75 మందికి కడుపు వస్తుందని తేలింది. ఎ.ఎం.హెచ్. 0.7 కంటే తక్కువ ఉన్నవాళ్లలో నూటికి 84. తక్కువ అంకె వాళ్లు ఏమీ వెనకబడలేదు!

అయితే ఒకటి చెప్పాలి. ఆ 750 మందీ కొత్తగా మొదలుపెట్టినవాళ్లు. నాలుగేళ్లుగా చూస్తున్నవాళ్లు కాదు. అందుకని ఆ అమ్మాయికి "నీకేం కాదులే" అని నేను చెప్పలేదు. ఉత్తి ధైర్యం చెప్పడం నాకు ఇష్టం ఉండదు. అంకె తక్కువగా ఉంటే దానికి అర్థం ఉంది. గాదె త్వరగా ఖాళీ కావచ్చు. కాబట్టి "ఇంకో రెండేళ్లు చూద్దాం" అని కూర్చోకూడదు. టెస్ట్ ట్యూబ్ వైద్యం దాకా వెళ్తే, ఇంజెక్షన్లు చేసినా తక్కువ గుడ్లే దొరకచ్చు. ఆ వైద్యంలో డాక్టరు మందు ఎంత ఇవ్వాలో తేల్చుకోవడానికి ఈ అంకె బాగా పనికొస్తుంది. దాని అసలు పని అదే.

అంకె ఎక్కువగా వస్తే మంచిదా? అదీ చెప్పలేం. పీసీఓడీ, నీటి బుడగలు అంటారు చూడండి. వాళ్లకు ఈ అంకె చాలా ఎక్కువ ఉంటుంది. నారు బోలెడు ఉంటుంది, ఒక్కటీ సరిగా పండి బయటికి రాదు. ముట్టు రెండు నెలలకో మూడు నెలలకో వస్తుంది. దానికి మందులున్నాయి. బరువు ఎక్కువగా ఉన్నవాళ్లు కొంత తగ్గినా ముట్టు దారిలో పడుతుంది.

నన్నడిగితే, ఈ ఖరీదైన పరీక్ష కంటే ముందు చేయించాల్సినవి వేరే ఉన్నాయి. ఒకటి థైరాయిడ్. టి.ఎస్.హెచ్. అని రాస్తారు. ఇంకొకటి ప్రొలాక్టిన్. ఇది పాలు పడే హార్మోను. పాలిచ్చే తల్లికి ఉండాల్సింది, ఊరికే పెరిగితే గుడ్డు పండదు. ఈ రెండింటికీ మాత్రలున్నాయి. మాత్రలతో సరిపోయేదాన్ని వదిలేసి గాదె లెక్క పట్టుకుని ఏడవడం ఎందుకు?

గుడ్డు విడుదలవుతోందా లేదా అని తెలుసుకోవడానికి ప్రొజెస్టరాన్ పరీక్ష. దీన్ని 21వ రోజు చెయ్యాలంటారు. అది 28 రోజులకు ముట్టు వచ్చేవాళ్ల లెక్క. అసలు లెక్క, రాబోయే ముట్టుకు 7 రోజుల ముందు. 35 రోజులకు వచ్చే మనిషి 28వ రోజు ఇవ్వాలి. ఇది తెలియక చాలామంది తప్పు రోజున రక్తం ఇచ్చి, "గుడ్డు రావడం లేదు" అనిపించుకుని వస్తారు. అందుకే ముట్టు వచ్చిన తేదీ ప్రతి నెలా రాసి పెట్టుకోండి. పుస్తకంలో రాయండి. క్యాలెండరు మీద గుండు సున్నా చుట్టినా చాలు. ఇప్పుడు మీకు రాయడం వచ్చింది కదా. డాక్టరమ్మ మొదట అడిగేది అదే. నెలనెలా క్రమంగా ముట్టు వస్తోందంటే చాలావరకు గుడ్డు విడుదలవుతున్నట్టే. దానికి పైసా ఖర్చు లేదు.

హార్మోన్లు అన్నీ బాగున్నా గుడ్డు నడిచే గొట్టాలు మూసుకుపోయి ఉండచ్చు. మన దేశంలో దానికి క్షయ కూడా ఒక కారణం. క్షయ ఊపిరితిత్తులకే కాదు, గర్భసంచికీ వస్తుంది. దగ్గు ఉండదు, ఏమీ ఉండదు. గొట్టాలకు వేరే పరీక్ష ఉంది. క్షయకు మందులు సర్కారు ఆసుపత్రిలో ఉచితం.

గాదెను తొందరగా ఖాళీ చేసేవి కొన్ని ఉన్నాయి. పొగ మొదటిది. పొగ తాగే ఆడవాళ్లకు ముట్టు ఒకటి రెండేళ్లు ముందే ఆగిపోతుంది. శ్రీకాకుళం, విశాఖ వైపు చుట్ట నిప్పు నోట్లో పెట్టి అడ్డపొగ పీల్చే అక్కలున్నారు. అక్కడికి వెళ్తే ఈ మాట తప్పకుండా చెబుతాను. క్యాన్సరు మందులు రెండోది. అండాశయం మీద చేసే ఆపరేషన్లు మూడోది. అన్నిటికంటే నాకు బాధ కలిగించేది ఇంకొకటి. తెల్లబట్ట అయినా, నడుము నొప్పి అయినా గర్భసంచి తీయించేసుకోవడం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఈ ఆపరేషన్లు దేశమంతటిలోకీ ఎక్కువగా కనిపించింది మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఆ హార్మోన్లన్నీ ఒక్కరోజులో ఆగిపోతాయి. ముప్పై అయిదేళ్లకే ఎముకలు గుల్లబారడం మొదలవుతుంది. ఇంకో డాక్టరుకు చూపించకుండా ఒప్పుకోకండి. తప్పదన్నా, "అండాశయాలు ఉంచుతారా?" అని అడగండి.

గుడ్లు పెంచుతామని పొడులు, టానిక్కులు అమ్మేవాళ్లు వస్తారు. ఖాళీ అయిన గాదె నింపే మందు ఇప్పటిదాకా లేదు. డబ్బులు దండగ.

ఇప్పుడు ఆ కవరు దగ్గరికి వద్దాం. పిల్లలు కాని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాళ్ల వైపు కూడా లోపం ఉంటుంది. కొందరిలో మగవాళ్లదే. కొందరిలో ఇద్దరిదీ. మగవాళ్ల మొదటి పరీక్ష అన్నిటికంటే తేలిక. సూది లేదు, కోత లేదు. రెండు రోజుల నుంచి ఏడు రోజుల దాకా భార్యతో కలవకుండా ఉండి, డబ్బాలో వీర్యం పట్టి ఇవ్వాలి. కొన్ని వందల రూపాయలు. కానీ ఆ మాట ఎత్తితే మగవాడికి పౌరుషం వస్తుంది. పెళ్లాం చేతికి 11 సార్లు సూది గుచ్చినప్పుడు రాని పౌరుషం!

ఆ అమ్మాయి భర్తను రమ్మని కబురు పెట్టాను. రాలేదు. మళ్లీ పెట్టాను. "ఇటుక బట్టీలో పని ఉంది" అన్నాడు. మూడోసారి అత్తగారికే కబురు పెట్టాను. ఆమే వచ్చింది. కోపంగానే వచ్చింది.

"వదినా, కూర్చో" అన్నాను. "ఇంకో సంబంధం చూస్తున్నావట. మొదటి భార్య ఉండగా విడాకులు లేకుండా రెండో పెళ్లి చేస్తే 1955 నుంచీ నేరమే. ఆ సంగతి అట్లా ఉంచు. రెండో అమ్మాయి వచ్చాక ఆమెకూ నాలుగేళ్లు పిల్లలు పుట్టకపోతే అప్పుడేం చేస్తావు? మూడోది చూస్తావా? ముందు కొడుకును పరీక్షకు పంపు."

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. కాఫీ చల్లారిపోయింది. చివరికి "మరి ఆ కుర్రాడు గుడ్లు లేవని ఎందుకన్నాడు?" అంది. నా దగ్గర జవాబు లేదు. తెలిసీ తెలియని మాట నోటికి తేలికగా వస్తుంది, వదినా, అన్నాను.

ఆమే కొడుకును వెంటబెట్టుకుని పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. మిల్లీలీటరులో కోటీ 60 లక్షల కణాలకు తక్కువ ఉంటే తక్కువ అంటారు. అతనికి 30 లక్షలు ఉన్నాయి. వీర్యకణం తయారు కావడానికి రెండున్నర నెలలు పడుతుంది. అందుకని మూడు నెలలాగి మళ్లీ చేశారు. మళ్లీ తక్కువే. బట్టీ వేడి కూడా మంచిది కాదన్నారు. పని మార్చుకోమన్నారు. అమ్మాయికి కూడా థైరాయిడ్ ఉందని తేలింది. మాత్ర వేసుకుంటోంది. ఆ 0.8 కూడా అక్కడి డాక్టరమ్మ చూసింది. "ఆలస్యం చెయ్యకుండా వైద్యం మొదలుపెడదాం" అంది. గుడ్లు అయిపోయాయని అనలేదు.

పెళ్లయి ఏడాది కలిసి ఉన్నా నెల తప్పకపోతే ఇద్దరూ ఆసుపత్రికి వెళ్లండి. ఆమెకు 35 దాటితే ఆరు నెలలే చూడండి. 40 లోపల నాలుగు నెలలుగా ముట్టు ఆగిపోయి, కడుపు కాకపోతే, పెళ్లికాని పిల్లయినా సరే చూపించండి. మొదటి రోజే "ఇద్దరికీ పరీక్షలు రాయండి" అని అడగండి. అత్తగారు అడిగితే ఇంకా మంచిది.

ఆ అమ్మాయికి ఇంకా నెల తప్పలేదు. పోయిన బుధవారం ఇద్దరూ కలిసి ఆసుపత్రికి వెళ్తూ బస్టాండులో కనిపించారు. కవరు అతని చేతిలో ఉంది.

చివరి బస్సు ఏడున్నరకు. అంతవరకూ ఇక్కడే ఉంటాను. అడగాల్సినవి ఉంటే అడగండి. నలుగురిలో అడగలేనివాళ్లు ఆ వేపచెట్టు కిందికి రండి.